గలగలా, లొడలొడా?

రాసుకో తల్లీ. మెల్లగా చెబుతాను, మెల్లగానే రాయి. తొందరేం లేదు.

ముందుగా ఒక మాట. ఇందులో మీ నాన్న వస్తాడు, మీ అమ్మ వస్తుంది. నేను మాత్రం వాళ్లని అల్లుడు, పెద్దది అనే అంటాను. మీ పిన్నిని చిన్నది అంటాను. రాసే చెయ్యి నీదైనా చెప్పే నోరు నాది. మీ నాన్న పరువు కాపాడదామని మధ్యలో ఏదైనా మింగేశావో, మీ అమ్మమ్మ పక్క గదిలోనే ఉంది, పట్టేస్తుంది.

బండి సంగతి చెబుతా. నేను ఇళ్లకి రంగులేసేవాణ్ణి కదా. నిచ్చెన పైన కట్టి, డబ్బాలు వెనక పడేసి తిరగడానికి ఇంకో రంగులాయన దగ్గర కొన్న కారది. ఎక్కడ గీత పడినా, ఎక్కడ సొట్ట పడినా, ఆ రోజు పనిలో మిగిలిన రంగు పూసేసేవాణ్ణి. అందుకని ఒక తలుపు ఎవరిదో పడగ్గది రంగు, ఒక తలుపు ఎవరిదో వంటింటి రంగు. ముందు మూత అంచున బడి గేటు నీలం. మీ బండి ఏ రంగండీ అని ఎవరైనా అడిగితే, మీరు ఏ వైపు నిలబడి అడుగుతున్నారు అనేవాణ్ణి.

ఇక చప్పుడు. సైలెన్సరుకి చిల్లు. తలుపుల రబ్బర్లు ఊడిపోయి వేలాడుతుండేవి. అద్దాలు వాటి పళ్లు అవే కొరుక్కునేవి. నేను వీధి మలుపులో ఉండగానే మీ అమ్మమ్మ టీ పొయ్యి మీద పెట్టేసేది. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి గ్లాసు చేతికొచ్చేది. అంత సుఖం ఉన్న చప్పుడు అది. అందుకే నేనెప్పుడూ బాగు చేయించలేదు.

మరి ఎందుకు బాగు చేయించానంటే, అది చిన్నదాని కోసం.

చిన్నది మెకానిక్ పని నేర్చుకుంది కదా. పెద్ద గ్యారేజీలో చేరింది. అక్కడ వాళ్లు దాని చేత టైర్లకి గాలి కొట్టించేవాళ్లు, అద్దాలు తుడిపించేవాళ్లు. ఇంజను మూత ఎత్తనిచ్చేవాళ్లు కాదు. "నీకెందుకమ్మా, చేతులు పాడైపోతాయి" అనేవాళ్లు. చేతులు పాడవుతాయని బాధపడేదైతే రంగులాయన కడుపున ఎందుకు పుడుతుంది? విసుగొచ్చి బయటికొచ్చేసింది. కలప అడితి వెనక ఒక రేకుల షెడ్డు తీసుకుంది. గోడకి మేకులు కొట్టి రెంచీలన్నీ చిన్నదాని పక్కన పెద్దది, పెద్దదాని పక్కన ఇంకా పెద్దది, అలా తగిలించింది. నేను వెళ్లి తలుపుకి రంగేశాను. అంతా బాగుంది. బండ్లే రాలేదు.

వచ్చినవాళ్లు కూడా గుమ్మంలో నిలబడి దాన్ని పైకీ కిందకీ చూసి, "మెకానిక్ లేడామ్మా?" అనేవాళ్లు.

"ఉన్నాడు. నేనే" అనేది.

వాళ్లు నవ్వి వెళ్లిపోయేవాళ్లు. ఇలాగే ఇంకొన్నాళ్లు సాగితే షెడ్డు ఎత్తేసి మళ్లీ ఆ గ్యారేజీకే పోయి గాలి కొట్టుకోవాలి. అది నాతో అనలేదు గానీ, సాయంత్రం వచ్చాక అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. కన్నవాణ్ణి, నాకు తెలీదా.

ఇప్పుడు మా అల్లుడి సంగతి. ఆయనకి బడి పిల్లల్ని తిప్పే వ్యాన్లున్నాయి. మంచి మనిషి. ఇస్త్రీ చొక్కా నలగదు, మాట తూలదు. త్రాసులో పెట్టి తూచినట్టు ఒక్కో మాటా తీసి ఇస్తాడు. ఆయన వ్యాన్లన్నీ చిన్నదాని షెడ్డుకి వస్తే, ఇక దానికి ఏడాది పొడుగునా పనే పని. ఒకరి వ్యాన్లు వస్తే చూసి ఇంకొకరివి వస్తాయి. అందుకని ఒకరోజు భోజనాల దగ్గర మీ అమ్మమ్మే కదిపింది. "బాబూ, మన పిల్లే కదా, మీ వ్యాన్లు దానికివ్వొచ్చు కదా" అని.

అల్లుడు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడన్నాడు. "అత్తయ్యగారూ, మన పిల్లే. కానీ వ్యాన్లలో ఎక్కేది ఊళ్లోవాళ్ల పిల్లలు. నాకో లెక్కుంది. ఆరోగ్యంగా ఉన్న బండి మాట్లాడదు. బండి మాట్లాడిందంటే దానికి జబ్బు చేసినట్టు. మామయ్యగారి బండి మరదలు బాగుచెయ్యనీ. నేను అందులో కూర్చుని ఊరు చుట్టొస్తాను. బండి నోరు మెదపకపోతే నా వ్యాన్లన్నీ మరదలి షెడ్డుకే. మెదిపితే మాత్రం నన్నేమీ అనుకోవద్దు."

నా బండి నోరు మూయించడమంటే మాటలా. మీ అమ్మమ్మ నోరు మూయించడం తేలిక. ఇది రాయి, పర్లేదు.

చిన్నది బండిని షెడ్డులో పెట్టుకుంది. నన్ను లోపలికి రానివ్వలేదు. "నాన్నా, నువ్వొస్తే దేనికో దానికి రంగేస్తావ్" అంది. ఆదివారం పొద్దున తీసుకొచ్చి ఇంటి ముందు పెట్టింది. అది వచ్చినట్టు మాకు తెలీనే తెలీదు. పిల్లి వచ్చినట్టు వచ్చింది. మీ అమ్మమ్మ కిటికీలోంచి చూసి, "అయ్యో, టీ పెట్టలేదే" అంది.

నేను తోలుతున్నాను. పక్క సీట్లో అల్లుడు. వెనక మీ అమ్మమ్మ, పెద్దది. చిన్నది రానంది. "నేను పక్కనుంటే బావ మొహమాటపడతాడు. ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యండి" అని షెడ్డుకి వెళ్లిపోయింది. నడకలో ధైర్యం ఉంది గానీ, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. అదీ దాని భయం.

బయల్దేరాం. తల్లీ, ఏం చెప్పను. నా బండిలో నా ఊపిరి నాకు వినబడటం అదే మొదలు. పెద్దది వెనక సీట్లో పక్కింటివాళ్ల సంగతి గుసగుసగా చెబుతోంది, అదీ వినబడింది. ఇన్నేళ్లూ నాకు వినబడదనుకుని వెనక సీట్లో వీళ్లేమేం మాట్లాడుకున్నారో. బండిలో ఒక చల్లటి వాసన కూడా వస్తోంది. చిన్నది ఏదో సెంటు కూడా కొట్టినట్టుంది, మంచి పిల్ల, అనుకున్నా.

బజారు దాటాం. వంతెన ఎక్కి దిగాం. అల్లుడు కళ్లు మూసుకుని వింటున్నాడు. పెదవి కొంచెం కదిలింది. అది ఆయన నవ్వు.

ఆటల మైదానం గోడ పక్కన రోడ్డు గతుకులు. అక్కడ మొదటి గతుకులో పడగానే వచ్చింది చప్పుడు.

అల్లుడు కళ్లు తెరిచాడు. "విన్నారా?" అన్నాడు.

నేను వినలేదని చెబుదామనుకున్నా. నోరు తెరిచేలోపు ఇంకో గతుకు. మళ్లీ వచ్చింది.

"లొడలొడమంటోంది" అన్నాడు అల్లుడు. "లోపల బేరింగు పోయినట్టుంది."

"లొడలొడ కాదండీ, గలగల" అంది పెద్దది. "గాజులు కదిపినట్టు."

"టకటక" అన్నాను నేను. నాకు చాలావరకు అన్నీ టకటకే.

మీ అమ్మమ్మ ముందుకి వంగి చెవి పెట్టింది. "డబ్బాలో గింజలాడుతున్నట్టుంది" అంది. ఎవరూ పట్టించుకోలేదు. వంటింటి చెవులు, అంతే అనుకున్నాం.

"ఇంతకు ముందు ఈ చప్పుడు ఉండేదా మామయ్యగారూ?"

"లేదు బాబూ" అన్నాను. నిజమే చెప్పాను. ఇంతకు ముందు ఈ బండిలో పిడుగు పడినా వినబడేది కాదు.

"అంటే సర్వీసు చేశాక కొత్తగా వచ్చింది" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆ మెల్లగా అనడమే నా గుండెల్లో రాయి పడేసింది.

మైదానం గేటు దగ్గర టీ కొట్టు ఉంటే అక్కడ ఆపేశాను. చిన్నదానికి ఫోన్ చేశాను. జరిగిందంతా వింది. తర్వాత అడిగింది. "చప్పుడెలా ఉంది నాన్నా? సరిగ్గా చెప్పు. లొడలొడ అంటే ఏదో వదులైనట్టు. కిర్రుమంటే ఎక్కడో ఎండిపోయినట్టు. టకటక అంటే ఒకదానికొకటి తగులుతున్నట్టు. గలగల అంటే…" అని ఆగింది. "గలగల అనకూడదే నాన్నా. బండిలో గలగలమనేది ఏమీ లేదు."

ఫోన్ ఒకరి తర్వాత ఒకరికి తిరిగింది. టీ కొట్టు ముందు నిలబడి పెద్దవాళ్లమంతా ఫోన్లోకి లొడలొడ, గలగల, టకటక అని అరుస్తున్నాం. కొట్టాయన టీ వడకట్టడం ఆపేసి చూస్తున్నాడు.

"ఎవరూ ఏదీ ముట్టుకోకండి. వస్తున్నా" అని పెట్టేసింది.

పెద్దది టీలు చెప్పింది. "ఒకదాన్లో చక్కెర వద్దు" అని రెండుసార్లు చెప్పింది. అది అల్లుడికి. డాక్టరు ఆయన రక్తంలో చక్కెర ఉందన్నప్పటి నుంచి పెద్దది ఇంట్లో చక్కెర డబ్బాకి తాళం వేసింది. తాళంచెవి ఎప్పుడూ దాని దగ్గరే. ఆ వంటింటి వైపు చీమలు కూడా రావడం మానేశాయని మీ అమ్మమ్మ అంటుంటుంది.

ఆడవాళ్లు బల్ల మీద కూర్చున్నారు. అల్లుడు బండి దగ్గరికి వచ్చి మూత ఎత్తమన్నాడు. ఎత్తాను. నడుం వంచి లోపలికి చూశాడు. చూసి, నిటారుగా లేచాడు.

గలగల.

తల్లీ, బండి ఆగే ఉంది. ఇంజను ఆగే ఉంది. తాళంచెవి నా చేతిలో ఉంది. చప్పుడు మాత్రం వచ్చింది.

ఆయనకి వినబడలేదు. ఆయన చూపంతా ఇంజను మీదుంది. "బేరింగే" అని మళ్లీ వంగాడు. మళ్లీ లేచాడు. మళ్లీ గలగల. నేను ఆయన ప్యాంటు జేబు వైపు చూశాను. గుండ్రటి అంచున్న చిన్న రేకు డబ్బా, అచ్చు పడినట్టు కనబడుతోంది. ఆయన నా వైపు తిరిగి "ఏమంటారు?" అన్నాడు. ఆ మాటతో పాటు వచ్చింది చల్లటి వాసన. పిప్పరమెంటు. చిన్నది సెంటు కొట్టలేదు. అల్లుడు పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

అదీ సంగతి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది. వ్యాన్లలో పిల్లల గోల మధ్య తిరిగే మనిషి కదా, తన జేబు తనకెప్పుడూ వినబడి ఉండదు. చిన్నది బండి నోరు మూయించింది. దాంతో అల్లుడి జేబు నోరు తెరిచింది.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? చెప్తే చిన్నదాని పని గట్టిదని తేలిపోతుంది. కానీ ఎలా చెప్పాలి? ఇల్లరికం వచ్చినవాడు కాదు, మేనల్లుడు కాదు, చనువుగా గద్దించడానికి. "అల్లుడుగారూ, బండి కాదు, మీరే మోగుతున్నారు" అనాలా? అదీ పెద్దదాని ముందు? పెద్దది అక్కడికక్కడే జేబులు తిప్పిస్తుంది. ఆ అవమానం తర్వాత ఆయన వ్యాన్లిస్తాడా? చెప్పకపోతే చిన్నదాని షెడ్డు పోతుంది. మింగలేను, కక్కలేను. చేతిలో టీ చల్లారిపోయింది.

చిన్నది స్కూటరు మీద వచ్చింది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, జుట్టు ముడి బిగించుకుంటూ దిగింది. నేను కళ్లతో సైగ చేశాను. అల్లుణ్ణి చూపించి, జేబు చూపించి, మళ్లీ బండి చూపించాను.

"కంట్లో ఏం పడింది నాన్నా?" అంది.

మీ అమ్మమ్మ వెంటనే లేచొచ్చి నా కన్ను విప్పి ఊదడం మొదలుపెట్టింది. ఇక నా సైగలు అక్కడితో సరి.

చిన్నది బండి కిందకి దూరి చూసింది. పైకి లేచి అన్నీ పట్టుకుని ఊపి చూసింది. తర్వాత తనొక్కతే ఎక్కి గతుకుల మీద తిప్పుకొచ్చింది. ఏమీ లేదు. నన్నెక్కించుకుని తిప్పింది. ఏమీ లేదు. మీ అమ్మమ్మని ఎక్కించింది. అక్కని ఎక్కించింది. పిల్లి అడుగుల చప్పుడు కూడా లేదు.

"మీరంతా తేలిక" అన్నాడు అల్లుడు చేతులు కట్టుకుని. "బరువు పడితే బయటపడుతుంది."

"రండి బావా, ఆ బరువు కూడా పెడదాం" అంది చిన్నది.

అల్లుడు ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఎక్కాను. గతుకు రాగానే గలగల. చిన్నది బండి ఆపింది. ఆయన్ని వెనక్కి రమ్మంది, నన్ను ముందుకి పంపింది. మళ్లీ గతుకు. ఈసారి చప్పుడు వెనక నుంచి వచ్చింది. చిన్నది నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. దానికి నా కంట్లో పడిందేమిటో అప్పుడు అర్థమైంది.

పెదవి కొరికి నవ్వాపుకుంది. టీ కొట్టు దగ్గరికి తీసుకొచ్చి ఆపింది. పెద్దది, మీ అమ్మమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డారు. చిన్నది రెంచీ పట్టుకుని వెనక తలుపు తీసి, సీటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

"దొరికిందక్కా" అంది గట్టిగా. "సీటు కింద నట్టు. నేనే బిగించడం మర్చిపోయినట్టున్నా." అని గొంతు తగ్గించి, "బావా, ఆ నట్టు ఇలా ఇస్తే బిగించేస్తాను" అంది. కళ్లు మాత్రం ఆయన జేబు మీదున్నాయి.

అల్లుడు తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. ఆయన చెయ్యి జేబు మీదకి వెళ్లింది. గలగలమంది. అప్పుడు విన్నాడు తనది తను. చెవులు ఎర్రబడ్డాయి. పెద్దదానికి కనబడకుండా డబ్బా తీసి చిన్నదాని చేతిలో పెట్టాడు. అది సంచీలో పడేసి, సీటు కింద రెంచీ ఉత్తుత్తినే తిప్పి లేచింది.

"అయిపోయింది. ఇక రాదు."

బావామరదళ్లు కదా, బాగా కప్పిపుచ్చింది అనుకున్నాను. హమ్మయ్య అని బల్ల మీద వదిలేసిన చల్లటి టీ ఒక గుటక వేశాను.

అప్పుడు పెద్దది అంది. "నట్టు మర్చిపోయావా?"

"మర్చిపోయానక్కా."

"సీటు నట్టు?"

"ఊఁ."

పెద్దది మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, నా చెల్లెలే. దానికి మంచి జరిగితే నాకంటే సంతోషించేవాళ్లు లేరు. కానీ నట్టు మర్చిపోయిన చేతికి పిల్లలెక్కే బండ్లు వద్దు. ఈరోజు సీటు నట్టు, రేపు చక్రం నట్టు. మీరు మొహమాటపడకండి. నేనే చెబుతున్నాను, వద్దు."

దాని మాటలో తప్పేముంది? ఏమీ లేదు. అదే కదా బాధ. చిన్నది రెంచీకి మట్టి లేకపోయినా తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. నా నాలుక దురద పెడుతోంది. కానీ అది తనంతట తను కప్పిన గుట్టు, తండ్రినైనా నేనెలా విప్పను?

అల్లుడు తల దించుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంటిముఖం పట్టాం. వెనక చిన్నది స్కూటరు మీద వస్తోంది. అద్దంలో కనబడుతోంది.

గతుకులు వచ్చాయి. చప్పుడు రాలేదు. ఇంకో గతుకు. రాలేదు. బండిలో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దం ఉంది చూశావూ, నా సైలెన్సరు చిల్లు వెయ్యి రెట్లు నయం. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. ఒక చెయ్యి జేబు దాకా వెళ్లి, ఖాళీ జేబు తడిమి వెనక్కొచ్చింది.

వంతెన మొదట్లో అన్నాడు, "మామయ్యగారూ, బండి పక్కకి ఆపండి."

ఆపాను. దిగాడు. మేమూ దిగాం. చిన్నది కూడా ఆగింది.

"ఆ నట్టు ఇలా ఇవ్వమ్మా."

"ఎందుకు బావా, బిగించేశాను కదా" అంది చిన్నది.

"ఇవ్వు."

ఇచ్చింది. అల్లుడు ఆ డబ్బాని పెద్దదాని ముందుకి పట్టుకుని ఊపాడు. గలగలమంది. బండి మూత మీద, సరిగ్గా బడి గేటు నీలం దగ్గర పెట్టాడు.

"మీ చెల్లెలు నట్టేమీ మర్చిపోలేదు. దాని నట్లన్నీ బిగుతుగానే ఉన్నాయి. వదులైంది నేను" అన్నాడు.

పెద్దది డబ్బా తీసింది. మూత తీసి చూసింది. తెల్లటి పిప్పరమెంటు బిళ్లలు.

"ఎప్పటినుంచి?"

"నువ్వు చక్కెర డబ్బాకి తాళం వేసినప్పటినుంచి."

"అందుకా మీ ప్యాంట్లకి చీమలు పట్టేది? సబ్బు మంచిది కాదేమోనని సబ్బు మార్చాను. షాపువాడితో దెబ్బలాడాను."

అల్లుడు తప్పు ఒప్పుకున్నట్టు తలూపాడు. "అబద్ధమాడే డ్రైవరు చేతికి పిల్లల్ని ఇవ్వనని రోజూ నేనే అంటుంటాను. ఆ పిల్ల నా మీద పడకుండా తన మీద వేసుకుంది. వేసుకుని షెడ్డు పోగొట్టుకుంటుంటే పక్క సీట్లో కూర్చోవడం నావల్ల కాలేదు" అన్నాడు. ఆయన ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

పెద్దది చెల్లెలి వైపు తిరిగింది. "మరి నువ్వెందుకే నట్టన్నావు?"

"ఏమనమంటావక్కా? మీ ఆయన మోగుతున్నాడు అననా?"

మీ అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వంతెన కింద నీళ్లు చూస్తున్నట్టు నటించాను. పెద్దది మాత్రం నవ్వలేదు. దాని చూపుడు వేలు చెల్లెలి ముందు నిలబడింది.

"ఇది విను. మొగుడి సంగతైతే నువ్వు దాచినా నేను పట్టుకుంటాను. ఇంటి దొంగని ఈశ్వరుడు పట్టలేకపోయినా పెళ్లాం పట్టుకుంటుంది. బండి సంగతి మాత్రం ఎవరి మొహమాటానికీ అబద్ధం చెప్పకు. లేని జబ్బు ఉందనకు, ఉన్నది లేదనకు. పిల్లలెక్కుతారు."

చిన్నది తల దించింది. "చెప్పనక్కా" అంది. నవ్వకుండానే అంది. ఆ మాట అది ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది, చాలామంది ముఖాలు మాడ్చుకుని వెళ్లినా సరే.

పెద్దది డబ్బాలోంచి బిళ్లలు తీసి తలా ఒకటి పంచింది. నాకు, అమ్మకి, చెల్లెలికి. తనొకటి వేసుకుంది. మొగుడి చెయ్యి ముందుకి వచ్చింది. పెద్దది మూత పెట్టేసింది.

అల్లుడు ఆ చేతినే చిన్నదాని వైపు తిప్పి, ఏమీ జరగనట్టు అన్నాడు. "రేపు తెల్ల వ్యాను పంపిస్తాను. ఎడమకి తిరిగినప్పుడు చప్పుడొస్తోంది."

"ఎలా వస్తోంది బావా? లొడలొడా?"

"కాదు."

"గలగలా?"

అల్లుడు అటూ ఇటూ చూశాడు. రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు. ఇస్త్రీ చొక్కా సర్దుకుని, మెడ కొంచెం పక్కకి వంచి, "కిర్ర్ర్… ర్రుక్" అన్నాడు. ఆగి, "చివర్లో ఆ క్కు కొంచెం గట్టిగా" అన్నాడు.

చిన్నది నవ్వలేదు. కళ్లు మూసుకుని, నోట్లో బిళ్ల ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చి, "ఇంకోసారి అనండి" అంది. ఆయన ఇంకోసారి అన్నాడు.

"ఎండిపోయింది అంతే. పంపించండి, చూస్తాను."

తర్వాత అందరం ఎక్కి ఇంటికి బయల్దేరాం. వంతెన దిగగానే చిన్న గతుకు. వెనక సీట్లోంచి గలగల. డబ్బా ఇప్పుడు పెద్దదాని చేతిసంచీలో ఉంది. అల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తూ మింగిన గుటక నాకు వినబడింది. అంత నిశ్శబ్దంగా నడుస్తోంది బండి.

మీ అమ్మమ్మ ముందుకి వంగి నా చెవి దగ్గర అంది, "డబ్బాలో గింజలని నేను మొదట్లోనే చెప్పాను. ఎవరైనా విన్నారా?"

ఆ మాట ఉన్నదున్నట్టు రాయి తల్లీ. బండి చప్పుడు పోయినప్పటి నుంచి టీ వేళకి రావడం లేదు. అది రాస్తే ఆ సంతోషంలోనైనా వస్తుందేమో.